రెండవసారి దొరికిన ప్రాణము
(ఇంద్రలాల్ రాయ్ జీవిత చరిత్ర, 1898–1918)

ధ్యాన భాగములు: యోబు 14:7–14, 2 సమూయేలు 1:17–27, రోమా 5:6–10



చెరకు పండించు మన బోధన్ ప్రాంతపు రైతునకు ఒక సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. మొదటి పంటను నేలకు ఆనించి నరికిన తరువాత తోట చచ్చినట్లే కనబడును. ఎండుటాకు కాల్చిన నేల నల్లగా నుండును. అయినను నీరు తగిలిన కొన్ని దినములకే మోళ్ల నుండి పచ్చని పిలకలు లేచును. క్రొత్తగా ముచ్చెలు నాటకయే రెండవ పంట చేతికి వచ్చును. నరకబడిన చెట్టు సహితము నీటి వాసన తగులగనే చిగురించునని యోబు భక్తుడు తన శ్రమలలో తలంచుకొనెను. అయితే నరుడు చనిపోయిన యెడల మరల బ్రదుకునా అని అతడు వెంటనే నిట్టూర్చెను. చెట్టునకున్న నిరీక్షణ మనుష్యునికి లేదా అనునదే అతని ప్రశ్న.

ఈ నెల మనము మోడువలె పడి, పిలకవలె మరల లేచిన ఒక యువకుని గూర్చి ధ్యానింతము. అతని పేరు ఇంద్రలాల్ రాయ్. అతడు మన ప్రాంతపువాడు కాడు, తెలుగువాడును కాడు, బెంగాలీ. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు దేశపు ఆకాశములో జర్మను విమానములతో పోరాడి, 1918 జూలై 22వ తేదీన, పందొమ్మిదేండ్ల ప్రాయమున హతుడాయెను. ఇట్టివాని కథ సంఘ పత్రికలో ఏల అని కొందరు అడుగవచ్చును. రెండు కారణములు కలవు. మన యౌవనస్థులు వీరుల కథలు వినగోరుదురు. వాటిని దేవుని వాక్యపు వెలుగులో వినుట వారికి నేర్పవలసిన భారము మనది. మరియు ఆ యుద్ధపు ఆకాశమునకు మన నైజాం సీమ నుండి కూడ ఒక దారి పోయెను. ఆ సంగతి కడపట చెప్పెదను.

బాల్యము

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2వ తేదీన కలకత్తాలో పుట్టెను. తండ్రి పియరీలాల్ రాయ్ పేరు పొందిన బారిస్టరు. వారి వంశము తూర్పు బెంగాలులోని బారిసాల్ ప్రాంతపు జమీందారుల వంశము. తల్లి పేరు లలిత. ఇంటివారు వానిని ముద్దుగా లాడీ అని పిలిచెడివారు.

వాని తల్లి తరఫు తాతను గూర్చి మనము ప్రత్యేకముగా ఎరుగవలెను. ఆయన పేరు సూర్యకుమార్ చక్రవర్తి. 1845వ సంవత్సరమున వైద్యము నేర్చుకొనుటకై ఇంగ్లండునకు ఓడనెక్కిన నలుగురు బెంగాలీ విద్యార్థులలో ఆయన ఒకడు. సముద్రము దాటిన కులము పోవునని జనులు భయపడు దినములవి. ఆయన క్రీస్తు ప్రభువును అంగీకరించి బాప్తిస్మము పొందెను. తన గురువగు డాక్టరు గుడీవ్ పేరును తన పేరుతో చేర్చుకొని గుడీవ్ చక్రవర్తి అని పిలువబడెను. 1855లో ప్రభుత్వ వైద్యశాఖ పరీక్షలో నెగ్గి, ఆ కొలువులో ప్రవేశించిన మొదటి భారతీయుడాయెను. పిమ్మట కలకత్తా వైద్య కళాశాలలో అనేకులకు బోధించెను. గాయములు కట్టుటకు నేర్చిన చేతులు ఆయనవి. ఈ మాట మనస్సున ఉంచుకొనుడి.

పిల్లలకు మంచి చదువు చెప్పింపగోరి తల్లి వారిని లండను పట్టణమునకు తీసికొనిపోయి అచ్చటనే నివసించెను. ఆమె ధైర్యము గల స్త్రీ. 1911 జూన్ నెలలో స్త్రీలకు ఓటుహక్కు కావలెనని లండను వీథులలో జరిగిన గొప్ప ఊరేగింపులో, చీరలు ధరించిన భారత స్త్రీలతో కలిసి ఆమెయు నడచెను. మన దేశమున ఆడవారు గడప దాటుటయే తప్పుగా ఎంచబడు కాలమది. అట్టి తల్లి చేతులలో పెరిగిన బిడ్డడు వెనుదీయువాడు కాకపోవుట వింత కాదు.

లాడీ సెయింట్ పాల్స్ అను పేరు గల పాఠశాలలో చదువుచుండగా 1914లో యుద్ధము ఆరంభమాయెను. అన్న పరేష్‌లాల్ పదాతి సైన్యమున చేరెను. ఈ పరేష్‌లాలే తరువాత మన దేశమున ముష్టియుద్ధపు ఆటకు పితయని పేరు పొందెను. తమ్మునికి మాత్రము నేల మీది యుద్ధముపై మనస్సు లేదు. వాని చూపు ఆకాశము మీద నుండెను.

చూపు చాలదన్న వైద్యులు

అయితే ఆ చూపే అడ్డము వచ్చెను. వైద్యులు పరీక్షించి, కండ్లు సరిగా లేవని వానిని త్రోసివేసిరి. లాడీ ఏడ్చి కూర్చుండలేదు. తనకు ప్రియమైన మోటారు సైకిలును అమ్మివేసెను. ఆ సొమ్ముతో ఇంగ్లండులో పేరు మోసిన ఒక నేత్రవైద్యుని యొద్దకు వెళ్లి మరల పరీక్ష చేయించుకొనెను. ఆ వైద్యుడు వాని చూపు చాలునని తేల్చెను. మొదటి తీర్పు కొట్టివేయబడెను. 1917 ఏప్రిల్ నెలలో, పద్దెనిమిదేండ్లు నిండిన అయిదు నెలలలోపల, అతడు బ్రిటిషు వాయుదళమున చేరెను. జూలై 5వ తేదీన సెకండ్ లెఫ్టినెంటు పదవి పొందెను.

ఒక ముత్యము కొరకు కలిగినదంతయు అమ్మిన వర్తకుని ఉపమానము మనకు తెలియును. ఈ బాలుడు తాను కోరిన దాని కొరకు తనకు ప్రియమైన దానిని అమ్మెను. కోరినది ఎట్టిదో తరువాత విచారింతము. కోరిన దాని కొరకు వెల చెల్లించుటలో మాత్రము అతడు మనలో అనేకులను సిగ్గుపరచును. ఆదివారపు ఆరాధన కొరకు ఒక పూట కూలి విడుచుటకును మనము వెనుకాడుదుము గదా.

ఆ దినములలోని విమానము ఎట్టిదో మన పిల్లలకు చెప్పవలెను. మనిషి మొదటిసారి యంత్రముతో ఎగిరినది 1903లో. అప్పటికి పదునాలుగేండ్లే గడచెను. విమానము కఱ్ఱ చట్రముపై బట్ట కప్పి, ఒకదానిపై ఒకటి రెండు వరుసల రెక్కలు కట్టిన పిట్టగూడు వంటిది. ఇంద్రలాల్ నడిపిన ఎస్.ఇ.5 అను జాతి విమానములు గంటకు ఇంచుమించు 130 మైళ్లు పోగలిగినవి. చోదకుడు ఒంటరిగా పైకప్పు లేని గుంటలో కూర్చుండును. గాలి ముఖమును కోయును. పై ఎత్తులలో ప్రేళ్లు కొయ్యబారును. ఒక మరతుపాకి ముందర, మరియొకటి పై రెక్క మీద నుండును. పైదానిలో గుండ్లు అయిపోయినప్పుడు మోకాళ్లతో చుక్కాని కఱ్ఱను అదిమిపట్టి, రెండు చేతులతో క్రొత్త గుండ్లపెట్టె ఎక్కింపవలెను. వెనుక నుండి శత్రువు వచ్చుచున్నాడో లేదో క్షణక్షణము తల త్రిప్పి చూచుచుండవలెను. బ్రిటిషు చోదకులకు ఆ యుద్ధములో పారాషూట్లు ఇయ్యబడలేదు. విమానము అంటుకొనిన యెడల దానితోకూడ పడవలసినదే.

మోడు

ఫ్రాన్సులోని వాండోమ్‌లో ఎగురుటయు, స్కాట్లండులోని టర్న్‌బెర్రీలో గురి కొట్టుటయు నేర్చుకొని, అక్టోబరు 30వ తేదీన ఇంద్రలాల్ 56వ దళమున చేరెను. పేరు పొందిన వీరులున్న దళమది. అయితే వాని మొదటి పంట కోతకు రాలేదు. డిసెంబరు 6వ తేదీన, అనగా పందొమ్మిదేండ్లు నిండిన నాలుగవ దినముననే, వాని విమానము నేలకు కొట్టుకొని విరిగిపోయెను. గట్టి గాయములు తగిలెను.

ఇచ్చట అతనిని గూర్చి చెప్పుకొను ఒక కథ కలదు. స్మృతి తప్పి పడియున్న వానిని చనిపోయెనని తలంచి మృతుల గదిలో పరుండబెట్టిరట. రాత్రివేళ వానికి తెలివి వచ్చి, తనకు తెలిసిన కొద్దిపాటి ఫ్రెంచి మాటలతో కేకలు వేయుచు తలుపు బాదగా, కావలివాడు దయ్యమని భయపడి ఎంతోసేపు తలుపు తీయలేదట. ఇది నోట నోట వచ్చిన కథయే గనుక దీనిని నేను లేఖనముతో సమానముగా ఎంచను, మీరును ఎంచవద్దు. మృతులలో నుండి లేపువాడు ఒక్కడే. ఆయన నాయీను ఊరి గవినియొద్ద విధవరాలి కుమారుని పాడెను ముట్టెను; బేతనియ సమాధి యెదుట కన్నీరు విడిచి లాజరును పిలిచెను. ఇంద్రలాల్ చావు అంచుదాక పోయి తిరిగివచ్చెను, అంతమట్టుకు నిశ్చయము.

ఇంగ్లండునకు తేబడి చికిత్స పొందెను. వైద్యులు ఇక విమానము నడుపుటకు తగడని చెప్పిరి. అతనికి నేల మీది పని ఇయ్యబడెను. సామానుల లెక్క చూచుచు, నెమ్మదిగా జీతము తీసికొనుచు యుద్ధము ముగియువరకు ఉండవచ్చును. ఎవరును వానిని పిరికివాడని అనరు. ఆ ఖాళీ దినములలో అతడు కాగితముల మీద విమానముల బొమ్మలు గీయుచుండెను. ఆ బొమ్మలలో అనేకము నేటికిని మిగిలియున్నవి. చేతులు నేలమీద నున్నను మనస్సు ఎచ్చట నుండెనో అవి సాక్ష్యమిచ్చుచున్నవి. తనను మరల పరీక్షింపుడని అధికారులను విసుగక వేడుకొనెను. కడపట వారు ఒప్పుకొనిరి. 1918 జూన్ నెలలో అతడు ఫ్రాన్సులోని 40వ దళమునకు పంపబడెను.

సహోదరులారా, ఇచ్చట ఒక్క క్షణము నిలువుడి. చావు నోటనుండి తప్పించుకొనినవాడు ఏమి చేయును? మనలో కలరా వచ్చి బ్రదికినవారు, పాము కాటు తిని బ్రదికినవారు, కాన్పులో చావు తప్పినవారు ఉన్నారు. అట్టివారు తిరిగి దొరికిన ప్రాణమును గుడ్డలో కట్టి దాచుకొందురా, లేక దానిని ఎవరికొరకైనను వ్యయపరతురా? తలాంతును పాతిపెట్టిన దాసుని వలె ఇంద్రలాల్ చేయలేదు.

పదునాలుగు దినములు

40వ దళములో వానికి నాయకుడు కెప్టెన్ మెకెల్రాయ్ అను ఐర్లండువాడు. పోరాటమున ఆరితేరినవాడు. వీపునకు సూర్యుని ఉంచుకొనుట, శత్రువు కంటె ఎత్తున ఉండుట, మిక్కిలి దగ్గరకు పోవువరకు తుపాకి పేల్చకుండుట, ఒంటరిగా వెంటాడుచు శత్రువుల నేల మీద చాల దూరము పోకుండుట, ఇవే అప్పటి పోరాటపు పాఠములు. గురువు చెప్పినది శిష్యుడు త్వరగా పట్టుకొనెను.

జూలై 6వ తేదీన డ్రోకూర్ అను ఊరి మీద హానోవర్ జాతి విమానమును కూల్చుట వాని మొదటి జయము. 8వ తేదీన నాలుగు గంటలలోపల మూడు విమానములను ఓడించెను. 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న కాన్యికూర్ మీద మరియొకటి. ఆ పదునాలుగు దినములలో పది జయములు అతని లెక్కలో వ్రాయబడెను. వాటిలో రెండు తోటివారితో పంచుకొనినవి. అయిదు విమానములను గెలిచినవానిని ఏస్ అని గౌరవించు వాడుక ఆ యుద్ధములో పుట్టెను. ఆ లెక్కకు చేరిన మొదటి భారతీయుడు ఇంద్రలాలే.

ఆ హానోవర్ విమానములు ఎందుకు తిరుగుచుండెనో చెప్పిన గాని ఈ పోరాటము అర్థము కాదు. వాటిలో ముందు చోదకుడును, వెనుక మరియొకడును కూర్చుండిరి. వెనుకవాడు నేల మీది కందకముల ఛాయాచిత్రములు తీయును. ఎచ్చట ఎంతమంది సైనికులున్నారో తన ఫిరంగుల వారికి తెలియజేయును. ఆ చిత్రము చేరిన కొన్ని గంటలకు ఆ కందకము మీద గుండ్లవాన కురియును. ఆ యుద్ధమున సముద్రము దాటిపోయిన మన దేశపు సైనికులు, కూలివారు పది లక్షలకు పైబడియుండిరి. ఫ్రాన్సు బురదలో వందలు వేలుగా మన పల్లెల బిడ్డలును ఉండిరి. పైన కన్ను ఒకటి ఆర్పబడిన యెడల క్రింద ప్రాణములు కొన్ని నిలుచును. ఇది ఆ పందొమ్మిదేండ్ల బాలుని పనిలోని న్యాయము. దానిని మనము తక్కువ చేయరాదు.

జూలై 22వ తేదీ ఉదయమున కార్వాన్ అను ఊరి మీద ఫాకర్ జాతి జర్మను విమానముల గుంపుతో పోరాటము జరిగెను. ఆ పోరాటములో ఇంద్రలాల్ హతుడాయెను. విమానము శత్రువుల వశమందున్న నేలపై పడెను. అతనికి అప్పటికి పందొమ్మిది సంవత్సరముల ఏడు నెలలు. గురువైన మెకెల్రాయ్ కూడ తొమ్మిది దినములకు, జూలై 31న, చనిపోయెను. నాలుగు నెలలు నిండక మునుపే, నవంబరు 11వ తేదీన, యుద్ధము ముగిసెను.

సెప్టెంబరు నెలలో ప్రభుత్వము అతనికి వాయుసేన వీరపతకమును ప్రకటించెను. దానిని పొందిన మొదటి భారతీయుడు అతడే. అయితే ఆ పతకమును వాని రొమ్మున గ్రుచ్చుటకు రొమ్ము లేదు. ఉత్తర ఫ్రాన్సులోని ఎస్తెవెల్ అను చిన్న ఊరి స్మశానమున అతని సమాధి కలదు. దానిమీద ఫ్రెంచి భాషలోను బెంగాలీ భాషలోను వ్రాత కలదు. ఇది పరాక్రమశాలి సమాధి గనుక గౌరవింపవలెననియు, ముట్టరాదనియు దాని భావము. ఆ ప్రాంతమున మనవలె చెరకు లేదు గాని బీట్ దుంపలు పండించి చక్కెర తీయుదురు. మనవంటి రైతుల నడుమనే అతడు నిద్రించుచున్నాడు. కలకత్తాలో ఒక వీథికి అతని పేరు పెట్టబడినది. 1998 డిసెంబరులో, నూరేండ్లు నిండినప్పుడు, భారత తపాలా శాఖ అతని బొమ్మతో బిళ్ళ వేసెను.

మన లెక్క

ఇక మొదట చెప్పిన నైజాం సీమ సంగతి. అదే 1918వ సంవత్సరమున, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో బ్రిటిషు వాయుసేన 110వ దళమునకు విమానములు సమకూర్చబడెను. ఆ దళమునకు హైదరాబాదు పేరు పెట్టిరి. ఒక్కొక్క విమానము మీద అది నిజాం కానుకయని వ్రాసిరి. అవి సెప్టెంబరు నెల నుండి జర్మనీ పట్టణముల మీద బాంబులు వేసెను. వాటిలో పోయినవారు అనేకులు తిరిగి రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధములోను 152వ దళము, 253వ దళము హైదరాబాదు పేరు ధరించెను. 152వ దళపు చిహ్నముగా నిజాం తలపాగా ఉండెను. నైజాం ఖజానా దేనితో నిండెను? రైతు శిస్తుతో గదా. మన తాతలు ఇందూరు, బోధన్ పొలములలో చెమటోడ్చి కట్టిన రూకలును ఆ ఖజానాలో కలిసియుండెను. వారిలో విమానమును కంట చూచినవారు ఎందరు? అయినను ఆ యుద్ధమునకు మనము పరాయివారము కాము. కావున దూరమున నుండి చప్పట్లు కొట్టువారివలె ఈ కథను చదువరాదు.

నేను ఇంద్రలాల్ పది జయముల పట్టికను చదివినప్పుడు వేరొక లెక్క వేసితిని. ఆ పదింటిలో ఆరు విమానములు ఇద్దరేసి కూర్చుండునవి. నాలుగు ఒక్కరేసి కూర్చుండునవి. అనగా ఆ పది విమానములలో పదునారుగురు మనుష్యులుండిరి. వారందరు చనిపోలేదేమో, నేలకు ప్రాణముతో చేరినవారును ఉందురు. అయినను పదునారుగురు తల్లుల బిడ్డలు. వారిలో అనేకులు చిన్ననాట మనవలెనే ఆదివారపు బడిలో దావీదు కథ నేర్చుకొనినవారు. పతకపు పత్రములో పది అని వ్రాయబడును. పరలోకపు గ్రంథములో పదునారు పేర్లుండును.

దావీదును చూడుడి. అతడు వీరుడు. పదివేలకొలది జనులను చంపినవాడని స్త్రీలు పాటలు పాడిరి. అయితే తన్ను చంపుటకు కొండలలో తరిమిన సౌలు గిల్బోవ మీద పడినప్పుడు అతడు సంతోషింపలేదు. బట్టలు చింపుకొని, ఉపవాసముండి, విలాపగీతము పాడెను. ప్రియ స్నేహితుడైన యోనాతానును, శత్రువైన సౌలును ఒక్క పాటలో ఏడ్చెను. వీరత్వము అనగా అదియు. అట్టి దావీదునకును మందిరము కట్టుటకు దేవుడు సెలవియ్యలేదు. అతడు విస్తారముగా రక్తము ఒలికించెనని చెప్పి, ఆ పనిని కుమారునికి అప్పగించెను. దావీదు పోరాటము దోషమని దేవుడు అనలేదు. అయితే మందిరము కట్టు చేతులు వేరని చెప్పెను.

ఆ యుద్ధ సంవత్సరములలోనే మన సీమలో ఆ వేరు చేతులు పనిచేయుచుండెను. 1914లో మెదకులో పాస్నెట్ దొరగారు గొప్ప దేవాలయపు పని ఆరంభించిరి. కరవున అలమటించిన పేదలు రాయి మోసి అన్నము తినిరి. 1924 క్రిస్మసు దినమున అది ప్రతిష్ఠింపబడెను. 1915లో దిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారును, ఆమె భర్త జార్జి కెర్ అయ్యగారును కుష్ఠరోగుల కొరకు ఆశ్రమము తెరచిరి. ఇందూరు ధనికుడు నర్సాగౌడ్ గారు హిందువై యుండియు ఆ పనికి సొమ్మిచ్చి సహాయపడెను. ఊరివారు రాళ్లు రువ్వి తరిమినవారిని ఆ డాక్టరమ్మ దగ్గరకు తీసి, పుండ్లు కడిగి, చాల్‌మోగ్రా నూనె సూదులు వేసెను. ఆమె 1932లో ప్రభునందు నిద్రించెను. ఆమెకు ఆకాశమున పోరాటము లేదు. అయినను దినదినము ప్రాణము పెట్టినది ఆమెయే.

ఇంద్రలాల్ తాతయైన గుడీవ్ చక్రవర్తిని గూర్చి మనస్సున ఉంచుకొనుడని చెప్పితిని. ఒకే ఇంటిలో ఒక తరము గాయములు కట్టెను. మరియొక తరము గాయపరచి గాయపడెను. తప్పు ఆ బాలునిదని నేను అనను. లోకము ఆ యేట బాలుర చేతులకు అందించిన పనిముట్టు అదే. వానికి విమానము దొరికినట్లు దిచ్‌పల్లి దొరికియుండిన యెడల, అంత పట్టుదల, అంత వెలయిచ్చు గుణము, చావునకు వెరవని ఆ హృదయము ఏమి చేసియుండెడిదో అని మాత్రము నేను తలంచుచుందును. అతని ఆత్మను గూర్చి తీర్పు చెప్పుట మన పని కాదు. అది న్యాయవంతుడైన తండ్రి చేతిలో నున్నది.

మనము ఏమి నేర్చుకొందుము?

మన పల్లెల నుండి నేడును బిడ్డలు దూరదేశములకు పోవుచున్నారు. కొందరు సైన్యమునకు, అనేకులు దుబాయి, మస్కటు కూలికి. బోధన్‌లో 1937న స్థాపింపబడిన చక్కెర కార్ఖానా 2015 డిసెంబరులో మూతపడిన తరువాత, కార్ఖానా గేటు చూచుకొని బ్రదికిన ఇండ్లలో కొన్నింటికి వేరు దారి లేకపోయెను. ప్రతి ఇంట ఒక లలితమ్మ ఫోను మ్రోగునని కాచుకొని యున్నది. దేవుడు అట్టి తల్లులను ఎరుగును. నాయీనులో ఆయన మొదట చూచినది పాడెను కాదు, తల్లిని.

స్నేహితుల కొరకు ప్రాణము పెట్టువాని ప్రేమ గొప్పదని మన ప్రభువే చెప్పెను. ఇంద్రలాల్ ఆ గొప్పతనమునకు చేరినవాడు; దానిని మనము నిండు మనస్సుతో ఒప్పుకొందము. అయితే మన ప్రభువు ఇంకొక మెట్టు ఎక్కెను. మనము ఇంకను పాపులమై, శత్రువులమై యుండగనే ఆయన మన కొరకు చనిపోయెనని పౌలు రోమీయులకు వ్రాసెను. వీరుడు తనవారిని కాపాడుటకు శత్రువును కూల్చును. ప్రభువు శత్రువును కాపాడుటకు తానే కూలెను. మూడవ దినమున లేచెను. యోబు ప్రశ్నకు జవాబు ఆ తెరవబడిన సమాధియే.

ఆయన లేచెను గనుక మనకందరికిని రెండవసారి ప్రాణము దొరికినది. బాప్తిస్మపు నీటిలో మోడు పాతిపెట్టబడి పిలక లేచినది. ఆ పిలక మన సొత్తు కాదు. నాటినది మనము కాము, నీరు పోసినది మనము కాము. ఆ రెండవ పంటను ఎవరి గాదెలో పోయుదుము? పొరుగువానిపై పగ తీర్చుకొనుటకా? గట్టు తగాదాలో అన్నదమ్ముల మీద కోర్టు ఖర్చులకా? లేక పుండ్లు కడుగుటకా? ఇంద్రలాల్‌కు రెండవసారి దొరికిన ప్రాణము ఏడున్నర నెలలే నిలిచెను. మనకెంతో మనకు తెలియదు.

కుటుంబ ప్రార్థనలో తలంచుటకు: మన యింట ఎవరైనను చావు తప్పించుకొనిన సంగతి కలదా? ఆ తరువాతి జీవితము ఎవరి కొరకు జీవించుచున్నారు? మనము శత్రువని తలంచువాని పేరు ప్రార్థనలో ఎత్తుచున్నామా?

ప్రార్థన: జీవాధిపతివైన ప్రభువా, మరల మరల మాకు ప్రాణము పోసినందుకు నీకు స్తోత్రము. దూరదేశములలోనున్న మా బిడ్డలను కాపాడుము. యుద్ధములలో పడిన వారిని, వారి తల్లులను, మిత్రులనియు శత్రువులనియు భేదము లేక జ్ఞాపకము చేసికొనుము. మా చేతులను గాయములు కట్టు చేతులుగా చేయుము. మా కొరకు కూలి, మా కొరకు లేచిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.